ఇరవైకి తొమ్మిది

కూల్‌డ్రింకులు తయారుచేసే ఆ కంపెనీలో అక్కను అందరూ నాలుకమ్మ అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. అయినా ఆ పేరు ఆమె చెవిన పడనే పడింది. పడ్డాక ఆమె ఏమీ అనలేదు సరికదా, నడకలో కాస్త నిటారుతనం కూడా వచ్చింది. పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఒకటే. కొత్త డ్రింకు ఏదైనా బజారుకు వెళ్లే ముందు రుచి చూసి, ఎలా ఉందో రాసివ్వాలి. ఆమె కాదన్నది సీసాలోకి ఎక్కేది కాదు. ఆ నాలుకను ఆమె పసిబిడ్డను సాకినట్టు సాకేది. పచ్చి ఉల్లిపాయ ముట్టదు. పొగలు కక్కే టీ తాగదు. ముఖానికి పౌడరు కూడా రాసుకోదు. ఎవరైనా సెంటు పూసుకుని వస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తుంది.

ఆమె చెల్లెలు గోడకు అవతలి వైపు పనిచేసేది. రుచి చూసే గదికీ, సరుకు సిద్ధం చేసే గదికీ మధ్య గోడలో ఒక చిన్న కిటికీ, దానికి పైకీ కిందకీ జరిగే రేకు తలుపు ఉన్నాయి. చెల్లెలు ఇటువైపు గాజుకప్పులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని మీద మూడంకెల నంబరు రాసి, చల్లటి డ్రింకు సమానంగా పోసి, ట్రేను కిటికీలోంచి అటు తోసేది. అటువైపు ఎర్ర బల్బు వెలుగుతుంది. ఆ వెలుతురులో పచ్చదీ, పసుపుదీ, రంగే లేనిదీ అన్నీ ఒకేలా కనబడతాయి. కన్ను వెళ్లి నాలుకకు చాడీలు చెప్పకుండా ఆ ఏర్పాటు. ట్రేలో మూడు కప్పులుంటాయి. రెండింట్లో ఒకటే డ్రింకు, మూడోదాంట్లో వేరేది. ఆ వేరే కప్పు ఏదో పట్టుకోవాలి, ఎందుకు వేరో రాయాలి.

పద్దెనిమిదేళ్ల కిందట ఆ ఎర్ర బల్బు కింద చెల్లెలు కూడా ఒక పూట కూర్చుంది. రుచి చూడటానికి ఇంకో మనిషి కావాలని కంపెనీ పరీక్ష పెట్టింది. ఇరవై ట్రేలు. అప్పటికి ఏడాదిగా పనిలో ఉన్న అక్కే కాగితాలు దిద్దింది. ఆ సాయంత్రం చెప్పులు విప్పుతూనే, "ఇరవైకి తొమ్మిది" అని చెప్పింది. చెల్లెలు ఏడ్చింది. అక్క వీపు నిమిరి, అందరికీ అన్నీ రావని సర్దిచెప్పి, కప్పులు కడిగే పనైనా ఇప్పిస్తానంది. అన్నట్టే ఇప్పించింది. ఆ ఏడాది పరీక్షలో ఎవరూ నెగ్గలేదు కాబట్టి రెండో కుర్చీ సంగతి కంపెనీ కూడా మర్చిపోయింది.

ఆ తొమ్మిది మాత్రం చెల్లెలి ఒంట్లోకి ఇంకిపోయింది. తన ఇంట్లో తాను వండిన కూరలో ఉప్పు చాలిందో లేదో కూడా ఆమె తేల్చుకోలేకపోయేది. గరిటె పట్టుకుని వెళ్లి భర్తను అడిగేది. ఆయన ఊళ్లో లేని రోజున పక్కింటావిడను అడిగేది.

ఆ పరీక్ష అయిన పద్దెనిమిదేళ్లకు కంపెనీ 'ఎనిమిది దేశాల రుచులు' అని ఒక వరస మొదలుపెట్టాలనుకుంది. ఆలోచన కొత్త మేనేజరుది. ఆయన అంతకుముందు సబ్బుల కంపెనీలో చేసి వచ్చాడు. నురగ వచ్చే వస్తువేదైనా తనకు అర్థమవుతుందని ఆయన నమ్మకం. ఆయన పురమాయిస్తే దేశదేశాల నుంచి చెక్కపెట్టెలు దిగాయి. వాటిని విప్పిన ఆ నాలుగు రోజులూ అక్కాచెల్లెళ్లిద్దరూ పిల్లలైపోయారు. సీసా తరవాత సీసా తీస్తూ అక్క చెప్పేది, చెల్లెలు వినేది. ఇది రష్యాది, రై అనే గింజల రొట్టె ముక్కలు నానేసి పులియబెడతారు, మాడిన రొట్టె అంచు నమిలినట్టుంటుంది. ఇది పెరూది, పసుపుపచ్చగా మెరుస్తుంది, మూత తీస్తే బబుల్‌గమ్ వాసన. ఇరాన్ వాళ్లు పుల్లటి పెరుగులో గ్యాసు నింపి, ఉప్పూ పుదీనా కలిపి తాగుతారు. స్విట్జర్లాండులో పాలు విరిచి జున్ను తీసేశాక మిగిలే నీళ్లతో ఒక డ్రింకు చేస్తారు. జపాన్ వాళ్ల కర్బూజా సోడా చిలక రంగులో ఉంటుంది. అమెరికాలో వేళ్లూ బెరళ్లూ మరిగించిన రుచితో ఒకటి ఉంది, అక్కడి పిల్లలు ఎగబడి తాగుతారు, అలవాటు లేనివాడికి మాత్రం ఎవరో నడుంనొప్పి మందు రాసుకుని పక్కన కూర్చున్నట్టుంటుంది. ఇటలీ నుంచి వచ్చినది నల్లగా, చిక్కగా ఉంది. ఉసిరికాయంత చిన్న నారింజలతో చేసేది, తొక్క చేదంతా అందులోనే ఉంటుంది.

పెట్టెలు విప్పిన వారానికి అక్కకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. తొమ్మిదో రోజున పనికి వచ్చింది. మనిషి చిక్కింది గానీ కళ్లలో కళ ఉంది.

మధ్యాహ్నం చెల్లెలు ఒక సీసా తెరవగానే ముఖం పక్కకు తిప్పుకుంది. మూత లోపలి పొరకు బూజు పట్టి, తడిసిన అట్టపెట్టె వాసన కొడుతోంది. పక్కనే నిలబడి ఉన్న అక్క ఆ సీసా అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "బాగానే ఉంది, పొయ్యి" అంది. చెల్లెలు పొయ్యలేదు. అక్క ముఖంలోకి చూసింది. అక్క సీసా కింద పెట్టి, గది తలుపు వేసి, అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

"తీపి తెలుస్తోంది. పులుపు తెలుస్తోంది. ఉప్పు, చేదు తెలుస్తున్నాయి. అంతే. నారింజకీ నిమ్మకీ తేడా లేదు. వారం నుంచీ ఇలాగే ఉంది."

డాక్టరు దగ్గరికి వెళ్లిందట. జ్వరంతో వాసన నరం దెబ్బతిందనీ, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అనీ చెప్పాడట. ఈ మాట బయటికి పొక్కితే కంపెనీ తనను మర్నాడే సాగనంపుతుందని అక్క అంది. తరవాత చెల్లెలి చెయ్యి పట్టుకుంది. పెళ్లప్పుడు కూడా అలా పట్టుకోలేదు. వాసన వచ్చేదాకా కొన్నాళ్లు సాయం చెయ్యమని అడిగింది. చెల్లెలు తన నాలుక సంగతి తెలిసిందే కదా అంది. అక్క ఒక క్షణం నీళ్లు నమిలి, "ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నావు, ఎంతో కొంత పట్టుబడే ఉంటుందిలే" అంది.

అలా మొదలైంది. ట్రే సిద్ధం చేసేది చెల్లెలే కాబట్టి వేరే కప్పు ఏదో ఆమెకు ఎలాగూ తెలుసు. ట్రేలో పరిచే కాగితపు రుమాలు మూల మడిచి, ఆ కప్పు వైపు తిప్పి పెట్టేది. అసలు కష్టం రాయడంలో వచ్చింది. అది రుచి చూస్తే తప్ప రాసేది కాదు. అందుకని చెల్లెలు ఇటువైపు నిలబడే ప్రతిదీ ఒక గుక్క తాగేది. సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి, ఎలా ఉందో చెప్పేది. అక్క రాసుకునేది.

మొదట్లో చెప్పడానికి చెల్లెలికి భయం వేసింది. మాటలు తెలియవు. అక్కలాగా పుల్లన, జిగట, వగరు అని అంచెలు వేసి చెప్పడం రాదు. తనకు తోచినట్టే చెప్పింది. రొట్టె డ్రింకు గురించి, ఎండకు కాగిన గోడ మీద మొదటి చినుకులు పడితే వచ్చే వాసన చివర్లో వస్తోందంది. పెరుగు డ్రింకు ముందు గిల్లుతుంది, తరవాత జోకొడుతుంది అంది. ఇటలీ డ్రింకు గురించి చెప్పడానికి రెండు రోజులు తీసుకుంది. మొదటి గుక్కకు కోపంగా ఉంటుంది, మూడో గుక్కకు ఆ కోపం న్యాయమైనదేనని తెలుస్తుంది అంది. అక్క కలం ఆపి ఆమె వైపు చూసింది. తరవాత ఆ మాటను అలాగే రాసుకుంది.

చెల్లెలికి లోపల ఏదో తలుపు తెరుచుకుంది. దారిలో నడుస్తుంటే తడి ఇసక వాసన, కొత్త పెయింటు వాసన, బస్సులో పక్కావిడ కొంగుకు అంటిన సబ్బు వాసన, ఒక్కొక్కటీ విడివిడిగా వచ్చి పలకరించేవి. ఇంట్లో కూరలో ఉప్పు ఎవరినీ అడగకుండా తనే వేసింది. సరిపోయింది.

నెల తిరిగేసరికి మేనేజరు అక్కను పిలిచి మెచ్చుకున్నాడు. జ్వరం తరవాత ఆవిడ నాలుక ఇంకా పదునెక్కిందన్నాడు, రాతలో ప్రాణం వచ్చిందన్నాడు. చెల్లెలు కిటికీ అవతల కప్పులు తుడుస్తూ ఆ మాటలన్నీ విన్నది. అక్క నవ్వి, థాంక్స్ సార్ అంది. ఆ సాయంత్రం అక్క ఆ సంగతి ఎత్తలేదు. చెల్లెలు ఎదురుచూసి, ఎదురుచూసి ఇంటికి వెళ్లిపోయింది.

అక్కడ మొదలైంది అనుమానం. ఇన్ని తేడాలు తెలిసే మనిషికి ఇరవైలో తొమ్మిదే ఎలా వచ్చాయి? చెల్లెలు తన మీద తనే పరీక్ష పెట్టుకుంది. కప్పుల అడుగున నంబర్లు రాసి, కళ్లు మూసుకుని అటూ ఇటూ మార్చి, రుచి చూసి విడదీసింది. ఇరవైకి పద్దెనిమిది. మర్నాడు ఇరవైకి ఇరవై. వయసుతో నాలుక మొద్దుబారుతుందంటారే గానీ పదునెక్కుతుందని ఎవరూ అనరు.

మూడో నెలలో ఒకరోజు అక్క మీటింగులో ఉండగా చెల్లెలు పాత కాగితాల బీరువా తెరిచింది. ఆ బీరువా దుమ్ము దులిపేది తనే. ఏ కట్ట ఎక్కడుందో తెలుసు, ఎప్పుడూ విప్పలేదంతే. ఆ ఏడాది కట్టలో ఐదు కాగితాలున్నాయి, జవాబుల చీటీ పిన్ను చేసి ఉంది. తన పాత చేతిరాతను చూడగానే ఆ వయసు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. తరవాత ఒక్కో జవాబు మీద వేలు పెట్టి చీటీతో పోల్చుకుంటూ వచ్చింది. పదకొండోది తప్పు. మిగిలినవన్నీ సరైనవే. కాగితం అడుగున అక్క ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాల్లో రాసింది, తొమ్మిది. పై కట్టలో అక్క రాసిన పరీక్ష కాగితం కూడా ఉంది. దాని మీద వేరెవరిదో దస్తూరీలో పదిహేడు అని ఉంది.

చెల్లెలు తన కాగితం మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. ఆ రోజూ, మర్నాడూ నోరు మెదపలేదు. రుమాళ్లు మడిచింది, రుచులు చెప్పింది. మూడో సాయంత్రం అక్క వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే అడిగింది. బావ ముందు గదిలో టీవీ చూస్తున్నాడు.

"అక్కా, ఆ పరీక్షలో నాకు పందొమ్మిది వచ్చాయి."

అక్క చేతిలో గిన్నె ఆగలేదు. అది తుడిచి బోర్లించి, ఇంకోటి అందుకుంది.

"చూశావా?"

"చూశాను."

"చూశాక అడగడం దేనికి?"

"నీ నోటితో వినాలని."

అక్క గుడ్డ పిండి ఆరేసింది. "నాకు పదిహేడే. నువ్వు ఆ గదిలోకి వచ్చుంటే ఏడాది తిరక్కుండా నా కుర్చీ నీదయ్యేది. చదువు నీకొచ్చింది. మంచి సంబంధం నీకొచ్చింది. నలుగురిలో కూర్చుంటే అందరూ నీతోనే మాట్లాడతారు. నాకంటూ దొరికింది అదొక్కటి. అది కూడా నీ చేతిలో పెట్టి చూస్తూ కూర్చోవడం నావల్ల కాలేదు."

"పద్దెనిమిదేళ్లక్కా."

"నిన్నేం గాలికి వదిలెయ్యలేదుగా. పని ఇప్పించాను."

ముందు గదిలో టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు. అక్క గొంతు తగ్గించింది. ఎల్లుండి కంపెనీ డైరెక్టర్లకు పంపే ఎనిమిది రుచుల ఎంపిక ఉందనీ, ఆ ఒక్కటీ గట్టెక్కిస్తే తానే మానేస్తాననీ, తన చోటులో చెల్లెల్నే పెట్టుకోమని చెబుతాననీ అంది. చెల్లెలు ఆ మాటలన్నిట్లో ఒక మాట కోసం వెతుక్కుంది. తప్పయింది అన్న మాట లేదు. మర్చిపోయిందేమోనని ఇంకాసేపు నిలబడింది. తరవాత చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఎంపిక రోజున పన్నెండు ట్రేలు. పొద్దున్నే వచ్చి చెల్లెలు కప్పులు నింపింది. అలవాటు కొద్దీ పన్నెండు రుమాళ్లకూ మూలలు మడిచేసింది. మడిచాక వాటిని చూస్తూ నిలబడింది. తరవాత ఒక్కొక్కటే విప్పి, అరచేత్తో చదును చేసి పరిచింది. మడత గీతలు పోలేదు గానీ ఎర్ర వెలుతురులో అవి కనబడవు.

మొదటి ట్రే అటు తోసింది. అక్క రుమాలు వైపు చూసింది. ఇంకోసారి చూసింది. వంగి కిటికీలోంచి చెల్లెలి ముఖంలోకి చూసింది. చెల్లెలు చూపు తిప్పుకోలేదు. అలా ఎంతసేపు చూసుకున్నారో, చివరికి చెల్లెలే రేకు తలుపు కిందకి దించింది. ఆ తరవాత తలుపు ట్రే పట్టేంత మేరే లేచేది.

అక్క గుడ్డిగా రాసుకుంటూ పోయింది. పన్నెండింట్లో నాలుగు సరిపోయాయి. ఒక్క ఇటలీ డ్రింకు ఉన్న ట్రేలలో మాత్రం ఆమె తడబడలేదు. చేదు ఆమె నాలుకకు ఇంకా అందుతోంది. రుచి చూసేవాళ్ల మెలకువ తెలుసుకోవడానికి పాడైన సీసా ఒకటి మధ్యలో పెట్టడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మేనేజరే దాన్ని తెచ్చి ఇచ్చాడు. పొద్దున చెల్లెలు దాన్ని తెరిచినప్పుడు అదే తడిసిన అట్టపెట్టె వాసన గది నిండా కొట్టింది. అక్క దానికెదురుగా 'శుభ్రంగా ఉంది, వదలవచ్చు' అని రాసింది.

కాగితాలు చూసి మేనేజరు గదిలోకి వచ్చాడు. లైటు వేశాడు. ఇదేమిటి మేడం అని మెల్లిగానే అడిగాడు.

"కప్పులు కలిపేసి ఉంటుంది సార్," అంది అక్క. "నంబర్లు సరిగ్గా వెయ్యదు. నా చెల్లెలని ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నాను."

చెల్లెలు గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. మేనేజరు ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేనా చేసింది?" అన్నాడు.

"నంబర్లు సరిగ్గానే వేశాను సార్. అవే డ్రింకులు ఎవరి చేతనైనా పోయించి నాకు పెట్టండి."

ఆయన స్వయంగా పోశాడు. లైటు ఆర్పించి ఎర్ర బల్బు వేయించాడు. చెల్లెలు అక్క కుర్చీలో కూర్చుని పన్నెండూ విడదీసింది. పాడైనదాన్ని వాసన చూసి, దీన్ని నోట్లో పెట్టుకోనని పక్కకు నెట్టింది. మేనేజరు తన దగ్గరున్న జవాబులతో రెండుసార్లు పోల్చుకున్నాడు. తరవాత, "మీరు ఇది ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. పద్దెనిమిదేళ్లలో ఆ గదిలో ఆమెను మీరు అన్న మొదటి మనిషి ఆయనే.

చెల్లెలు చెప్పేసింది. అక్కకు వాసన పోయిందనీ, మూడు నెలలుగా వెళ్లిన రాతల్లో మాటలు తనవనీ చెప్పింది. ఈ మాట చెప్పే క్షణం ఎలా ఉంటుందోనని మూడు రోజులుగా ఊహించుకుంటూ వచ్చింది. ఊహలో ఉన్న హాయి ఇప్పుడు రాలేదు. అక్క గోడ వారగా స్టూలు మీద కూర్చుని, ట్రేకీ ట్రేకీ మధ్య నోటి రుచి పోవడానికి తిన్న బిస్కెట్ల పొడి ఒళ్లో పడి ఉంటే, ఒక్కో రవ్వా ఏరి అరచేతిలో వేసుకుంటోంది. నిజమేనా అని మేనేజరు అడిగితే, తలెత్తకుండానే అది చెప్పింది నిజమే అంది. ఏప్రాన్ జేబులో ఉన్న కాగితాన్ని చెల్లెలు పైకి తీయలేదు. ఎందుకు తీయలేదో ఆమెకే తెలియలేదు.

అక్క ఆ వారమే మానేసింది. జబ్బు వల్ల అని రాసుకున్నారు. పంపేటప్పుడు ఒక గడియారం ఇచ్చారు. చెల్లెలికి కుర్చీ ఇచ్చారు, తాత్కాలికంగా అన్నారు. కప్పులు కడగడానికి కొత్త మనిషిని వేసేదాకా ఆ పనీ ఆమెనే చూసుకోమన్నారు. ఎవరినీ వెయ్యలేదు. తనే నింపుకున్న కప్పుల్ని తనకు తెలియకుండా రుచి చూడటం కుదరదు కాబట్టి, ట్రేలు మార్చి పెట్టడానికి రోజుకో గంట గుమాస్తాను పంపేవారు.

ఎనిమిది రుచుల సంగతి ఇలా తేలింది. చేదు ఎవడు కొంటాడని డైరెక్టర్లు ఇటలీ డ్రింకును తీసేసి, దాని బదులు స్ట్రాబెర్రీ పెట్టారు. పెరుగు డ్రింకులో ఉప్పు తీసేశారు. రొట్టె డ్రింకులో పులుపు తీసేశారు. నలుగురి చేత తాగించి చూస్తే తీపి ఎక్కువున్నదానికే ఎక్కువ మార్కులు వచ్చాయని అన్నిట్లోనూ చక్కెర పెంచారు, పెంచుతూ పోయారు. చివరి నమూనాలు ఎర్ర బల్బు కిందకి వచ్చినప్పుడు చెల్లెలు ఎనిమిదీ తాగి, ఎనిమిదీ ఒకటే అని రాసింది. మేనేజరు ఆ కాగితం పట్టుకొచ్చి, లైటు వేస్తే రంగులు వేరుగా ఉన్నాయి కదా అన్నాడు. ఆమె ఇంకేదో చెప్పబోతే ఆపాడు. "మీ నాలుక మాకు కావాలండీ. అభిప్రాయం అక్కర్లేదు," అన్నాడు. మంచివాడే, మర్యాదగానే అన్నాడు. ఆమె ఇంకో కాగితం తీసుకుని, వదలవచ్చు అని ఎనిమిదిసార్లు రాసి ఇచ్చింది.

ఐదు నెలలు అక్కాచెల్లెళ్లు కలుసుకోలేదు. బావ ఒకసారి దారిలో కనబడి, మీ అక్క సరిగా తినడం లేదు, వంటలో ఉప్పు పోసేస్తోంది, ఎవరితోనూ మాట్లాడదు అని చెప్పుకుని బాధపడ్డాడు. ఎందుకు విడిపోయారని ఆయన అడగలేదు. ఆయనకు చెప్పి ఉండరు.

ఒక ఆదివారం పొద్దున చెల్లెలు వెళ్లింది. తలుపు అక్కే తీసింది. రమ్మనలేదు, వద్దనలేదు, పక్కకు తప్పుకుంది. భోజనాల బల్ల మీద ఎనిమిది సీసాలు వరసగా ఉన్నాయి. బజారులోకి వచ్చిన ఎనిమిది దేశాల రుచులు. బావ చేత తెప్పించుకుందట. ఒక్కోదాని ముందూ ఒక్కో గ్లాసు, ఒక్కో గ్లాసులో రెండు గుక్కల డ్రింకు. పక్కన ఒక కాగితం, కలం. కాగితం మీద ఏమీ రాసి లేదు.

చెల్లెలు కూర్చుంది. కాసేపు బావ మోకాలి నొప్పి గురించి, నీళ్లు సరిగా రాకపోవడం గురించి మాట్లాడుకున్నారు. తరవాత అక్క ఒక గ్లాసు తీసుకుని తాగింది. రెండోది తాగింది.

"పొద్దుట్నుంచి చూస్తున్నాను," అంది. "తీపి తప్ప ఏం తెలియట్లేదు. ఎనిమిదీ ఒక్కలాగే ఉన్నాయి. కొంచెమైనా వాసన వెనక్కి వస్తుందేమో అనుకున్నాను. నా ముక్కు వల్లే కదూ? నీకు తేడా తెలుస్తోంది కదా?"

చెల్లెలు గ్లాసుల వరస వైపు చూసింది. ఎరుపు, పసుపు, చిలకపచ్చ. కిటికీలోంచి ఎండ పడి అన్నీ మెరుస్తున్నాయి. ఒక గ్లాసు తీసుకుని తాగింది. ఇంకొకటి తాగింది. తొందరపడకుండా, ఎనిమిదీ తాగింది.

"తెలుస్తోందక్కా. దేనికదే వేరుగా ఉంది," అంది.

అక్క తల ఊపింది. మూతలు ఒక్కొక్కటే బిగించి, సీసాలన్నీ బల్ల మీదనుంచి తీసేయడం మొదలుపెట్టింది. చెల్లెలు సాయం చెయ్యడానికి లేవలేదు.